బి.ఎం.ఐ. అంకె ఆరోగ్యమునకు కొలబద్ద కాగలదా?

పూర్వము మా మల్యాల పక్కల బంధువులు చాలాకాలమునకు కలిసినచో మొదటి మాట దేహమును గూర్చియే యుండెడిది. "బక్కగయినవేంది బిడ్డా?" అనియో, "కొంచెం ఒళ్లు చేసినవు" అనియో పెద్దవారు పలుకరించెడివారు. ఆ మాటలో లెక్క లేదు గాని, చూపు ఉన్నది. ముఖము వాడినదా, కన్ను కళ తప్పినదా, నడక బరువెక్కినదా అన్నది ఆ చూపులోనే తేలెడిది. నేడు ఆ పలుకరింపు స్థానమున ఒక అంకె వచ్చి కూర్చున్నది. బీమా దరఖాస్తులో అదే అంకె, వ్యాయామశాలలో అదే అంకె, ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ కాగితముపై అదే అంకె, చేతిలోని ఫోనులో అదే అంకె. దానినే బాడీ మాస్ ఇండెక్స్, సంక్షిప్తముగా బి.ఎం.ఐ. అందురు.

ఈ అంకె కొంత పెరిగినదని ఆరోగ్యవంతులు ఉపవాసములు మొదలుపెట్టుచున్నారు. ఈ అంకె సరిగా ఉన్నదని రోగము ముదురుచున్నవారు పరీక్షలు మానుకొనుచున్నారు. మొదటి వారికి జరుగునది నష్టము. రెండవ వారికి జరుగునది ప్రమాదము. కావున ఈ అంకె ఎంతవరకు నమ్మదగినదో, ఎచ్చట నమ్మరాదో గృహస్థులు తెలిసికొనుట అవసరము.

అంకె పుట్టుక

లెక్క సులభమైనదే. దేహపు బరువును కిలోగ్రాములలో తీసికొని, ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ ఎత్తును అదే ఎత్తుచే హెచ్చవేసి, వచ్చిన దానితో బరువును భాగించవలెను. 165 సెంటీమీటర్ల ఎత్తు, 66 కిలోల బరువు గల పురుషునికి ఈ లెక్క 24.2 అగును.

ఈ సూత్రమును కనుగొన్నవాడు వైద్యుడు కాడు. బెల్జియం దేశమునకు చెందిన అడాల్ఫ్ కెత్లే అను ఖగోళ, గణిత శాస్త్రవేత్త. ఆయన 1796లో జన్మించి 1874లో మరణించెను. నక్షత్రములను కొలిచిన విధముననే మానవ సమూహములను కూడ కొలిచి, వారిలో 'సగటు మనిషి' ఎట్లుండునో తెలిసికొనవలెనని ఆయన కోరిక. పెద్దవారి బరువు వారి ఎత్తు యొక్క వర్గమును అనుసరించి పెరుగునని 1830వ దశకమున ఆయన ప్రకటించెను. స్థూలకాయమును గాని, రోగమును గాని కనిపెట్టవలెనన్న ఉద్దేశము ఆయనకు లేదు.

తరువాత నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1972లో అమెరికా దేశపు ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి వివిధ దేశముల పురుషుల కొలతలను పరిశీలించి, బరువును ఎత్తుతో పోల్చు పద్ధతులలో ఇది సరళమైనదని చెప్పి, దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అను పేరు పెట్టెను. ఆ కొలతలలో స్త్రీలు లేరు. జనసమూహములను పోల్చుటకు పనికివచ్చు పద్ధతిగానే ఆయన దీనిని సూచించెను. అట్టి అంకెను నేడు ఒంటరి మనిషి నుదుట ముద్ర వలె వేయుచున్నాము.

జరుగుచుండు హద్దులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 18.5 కంటె తక్కువైనచో బక్కపలుచన, 18.5 మొదలు 25 లోపు సరియైన బరువు, 25 మొదలు అధిక బరువు, 30 మొదలు స్థూలకాయము. ఈ హద్దులు ప్రకృతి గీసినవి కావు. మనుష్యులు కూర్చుండి నిర్ణయించినవి. అమెరికాలో 1998 వరకు అధిక బరువు హద్దు పురుషులకు సుమారు 27.8, స్త్రీలకు 27.3 గా ఉండెడిది. ఆ సంవత్సరమున దానిని 25కు దింపిరి. ఒక్క కిలో కూడ పెరుగకుండనే రెండు కోట్లకు పైగా జనులు ఒక్క దినమున 'అధిక బరువు' వారైరి.

ఆసియా ప్రజలకు ఈ హద్దులు సరిపోవని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు గుర్తించి, 23 దగ్గరనే జాగ్రత్త పడవలెననియు, 27.5 వద్ద ప్రమాదము హెచ్చుననియు సూచించిరి. 2009లో మన దేశపు వైద్య నిపుణులు కలిసి భారతీయులకు 23 మొదలు అధిక బరువు, 25 మొదలు స్థూలకాయము అని నిర్ణయించిరి. పైన చెప్పిన 24.2 అంకె గల పురుషుడు విమానమెక్కి ఐరోపాలో దిగినచో సరియైన బరువు గలవాడు. తిరిగి హైదరాబాదులో దిగినచో అధిక బరువు గలవాడు. దేహము అదే, రక్తము అదే.

హద్దులు మార్చుట తప్పని నేను చెప్పుట లేదు. ఆ మార్పుకు బలమైన కారణము కలదు. ఆ కారణమే ఈ అంకె యొక్క బలహీనతను కూడ బయటపెట్టుచున్నది.

మన దేహముల ప్రత్యేకత

పుణె నగరపు వైద్యులు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు, లండనులోని జాన్ యుడ్కిన్ గారు మిత్రులు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే: 22.3. ఇద్దరును తమ దేహములలోని కొవ్వును యంత్రముపై కొలిపించుకొనిరి. యుడ్కిన్ గారి దేహమున కొవ్వు 9.1 శాతము, యాజ్ఞిక్ గారి దేహమున 21.2 శాతము. అంకె ఒక్కటియే అయినను కొవ్వు రెండింతలకు పైన. ఈ సంగతిని వారిద్దరు 2004లో లాన్సెట్ అను వైద్య పత్రికలో తమ చిత్రముతో సహా ప్రచురించిరి. చూచుటకు ఇద్దరును సన్నని వారే!

దీనికి మూలము తల్లి గర్భముననే కలదని యాజ్ఞిక్ గారి బృందము పుణె పరిసర గ్రామములలో చేసిన పరిశోధన చెప్పుచున్నది. అచ్చటి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువుల సగటు 3.5 కిలోలు. మన శిశువులలో తక్కువైనది ముఖ్యముగా కండ. చర్మము క్రింది కొవ్వు అంతగా తగ్గలేదు. బయటికి బక్కగా, లోపల కొవ్వుగా ఉండు ఈ దేహమునే నేడు 'సన్నని స్థూలకాయము' అనుచున్నారు. ఇట్టి దేహమున కొవ్వు చేతులు, తొడలలో గాక, కడుపులో, కాలేయము చుట్టును చేరును. మధుమేహమునకు దారితీయునది ఆ కొవ్వే. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము మన దేశమున 10 కోట్ల మందికి పైగా మధుమేహులు కలరు. వీరందరును లావుపాటి వారు కారని వైద్యులందరు ఎరుగుదురు.

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు. దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో బి.ఎం.ఐ. 25కు చేరినవారు 24 శాతము. అదే సర్వేలో నడుము కొలతను పిరుదుల కొలతతో పోల్చి చూడగా, ప్రమాదకరమగు నడుము గల స్త్రీలు 57 శాతము! పురుషులలో మొదటి లెక్క 23 శాతము, రెండవది 48 శాతము. తక్కెడ చూచి "క్షేమము" అని పంపిన వారిలో ఎందరిని నడుము పట్టీ వెనుకకు పిలుచుచున్నదో దీనివలన తెలియును.

మూడు దేహములు

శాస్త్రపు మాట అట్లుండనిచ్చి, మా ప్రాంతమున నిత్యము కనిపించు మూడు విధముల దేహములను చూతము.

కోరుట్ల, జగిత్యాల పరిసరములలో బీడీలు చుట్టు స్త్రీలు ఇంటింటను కలరు. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారము చుట్టుచు ఉదయము మొదలు చీకటి పడువరకు కూర్చున్నచోటనే ఉందురు. భోజనము వేళకు ఉండదు. తెల్లని అన్నము, పచ్చిపులుసు, నడుమ నాలుగైదు మారులు చాయ. అట్టి స్త్రీ ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు అనుకొందము. బి.ఎం.ఐ. 21.3. భారతీయ హద్దు ప్రకారము కూడ నిర్దోషము. కాని నడుము చుట్టుకొలత 84 సెంటీమీటర్లు. చేతులు పుల్లల వలె, కడుపు కుండ వలె. ఇట్టివారికి నీరసమని, కాళ్లు తిమ్మిరులని చెప్పి వచ్చినప్పుడు రక్తపరీక్ష చేయించగా చక్కెర హెచ్చుగను, రక్తము తక్కువగను తేలుట నేను పలుమార్లు చూచితిని. "నేను బక్కగున్న గదా అయ్యా, నాకు షుగరెందుకుంటది?" అను ప్రశ్నకు ఆ అంకె జవాబు చెప్పజాలదు.

రెండవది మార్కెట్టులో వడ్ల బస్తాలు మోయు హమాలీ దేహము. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. బి.ఎం.ఐ. 26.9, అనగా మన లెక్కలో స్థూలకాయుడు! కాని నడుము 82 సెంటీమీటర్లే. ఆ బరువంతయు భుజములలో, వీపున, తొడలలో గట్టిపడిన కండ. కొండగట్టు మెట్లను ఆగకుండ ఎక్కి, పైన ఎవరితోనైనను తడబాటు లేక మాటలాడగలడు. ఇట్టి వానికి "పది కిలోలు తగ్గుము" అని చెప్పి సగము కడుపుకు తినిపించినచో పోవునది కొవ్వు కాదు, బలము. బలముతోపాటు కూలి కూడ పోవును.

మూడవది మన ఇండ్లలోని ముసలి తల్లుల దేహము. వయసులో 160 సెంటీమీటర్ల ఎత్తు, 55 కిలోల బరువు గలామె బి.ఎం.ఐ. 21.5. ఎనుబది ఏండ్లు వచ్చుసరికి వెన్నెముక వంగి ఎత్తు 153కు దిగినది. బరువు 55 గానే ఉన్నది. ఇప్పుడు అంకె 23.5. ఆమె లావెక్కలేదు, కుంగిపోయినది. పైగా కండ కరగి కొవ్వు చేరియుండవచ్చును. ఆమెకు కావలసినది ఉపవాసము కాదు. పాలు, పప్పు, కాస్త ఎండ, పట్టుకొని నడిపించు చేయి. ఇక గుండె, మూత్రపిండములు, కాలేయము చెడి కాళ్లకు, పొట్టకు నీరు పట్టినవారి బరువులో ఆ నీరు కూడ చేరును. అది కొవ్వో, కండయో, నీరో తక్కెడకు తెలియదు.

ఆయుర్వేద దృష్టి

గురుకులమున మాకు మొదట నేర్పినది తూచుట కాదు, చూచుట, తాకుట, అడుగుట. చరక సంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున రోగిని పది విధముల పరీక్షింపవలెనని చెప్పబడినది: ప్రకృతి, వికృతి, సారము, సంహననము, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. ఇందు ప్రమాణము, అనగా దేహపు కొలత, పదింటిలో ఒకటి మాత్రమే. ఆ కొలత కూడ రాజుగారి గజముతో గాక ఎవరి వ్రేలితో వారికే కొలువవలెను. చరకుడు దేహపు ఎత్తును 84 అంగుళములనియు, సుశ్రుతుడు 120 అంగుళములనియు చెప్పిరి. కొలుచు పద్ధతులు వేరైనను, ఇద్దరిలోను అంగుళము రోగి సొంత అంగుళమే. ఒకరి దేహమును మరియొక దేశపు సగటుతో పోల్చరాదన్న వివేకము ఇందు కలదు.

అదే అధ్యాయమున సార పరీక్షను వివరించుచు ఆచార్యులు వైద్యుని హెచ్చరించిరి: పెద్ద దేహమును చూచి బలవంతుడనియు, చిన్న దేహమును చూచి దుర్బలుడనియు మోసపోవలదని. దానికి చీమను ఉదాహరణముగా చూపిరి. చీమ దేహమెంత, మోయు బరువెంత!

సూత్రస్థానము ఇరువది యొకటవ అధ్యాయమున నిందింపదగిన ఎనిమిది దేహములను చెప్పుచు, అతిస్థూలుని, అతికృశుని విస్తరించి వివరించిరి. అచ్చటను స్థౌల్యమునకు గుర్తు బరువు కాదు. పిరుదులు, ఉదరము, రొమ్ము కదలాడునట్లు మేదస్సు, మాంసము పెరుగుట. పెరిగిన దేహమునకు తగిన ఉత్సాహము లేకుండుట. ఆయాసము, అధికమగు చెమట, ఆకలి దప్పులు పట్టరాకుండుట మొదలగునవి దాని దోషములు. ప్రశంసింపదగిన దేహమునకు గుర్తులు సమమగు మాంసము, చక్కని పొందిక, దృఢమగు ఇంద్రియములు. ఆకలి, దప్పిక, ఎండ, చలి, శ్రమలను ఓర్చుకొనగల శక్తి. ఇవి యన్నియు దేహము చేయు పనిని బట్టి నిర్ణయించునవి. ఆధునిక వైద్యము నేడు ఇదే వైపు మరలుచుండుట గమనింపదగినది. 2023 జూన్ మాసమున అమెరికన్ వైద్య సంఘము బి.ఎం.ఐ.ని ఒంటరిగా వాడరాదని తీర్మానించినది. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక తరఫున ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘము, అంకె పెరిగినంత మాత్రమున వ్యక్తికి రోగ నిర్ణయము చేయరాదనియు, నడుము కొలత వంటి మరియొక కొలతతో సరిచూడవలెననియు, కొవ్వు వలన అవయవముల పని చెడినదా లేదా అని చూచి రోగమును నిర్ణయించవలెననియు చెప్పినది.

అట్లని పారవేయవలెనా?

ఇచ్చట నా సహవృత్తి వారితో ఒక మాట చెప్పవలసియున్నది. ఆయుర్వేద వైద్యులలో కొందరు "ఈ అంకెలన్నియు పరదేశపు మాయ" అని త్రోసివేయుచున్నారు. అది న్యాయము కాదు. సమూహములను చూచుటకు ఈ అంకె చేసిన మేలు గొప్పది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యమున 1972లో ఏర్పడిన పోషకాహార పర్యవేక్షణ విభాగము గ్రామగ్రామమున ఎత్తులు, బరువులు కొలిచినది. 1975–79 నాటికి గ్రామీణ వయోజనులలో సుమారు సగము మంది 18.5 కంటె దిగువన ఉండిరని తేలినది. పేదవాని ఆకలిని ప్రభుత్వములకు కాగితముపై చూపించినది ఈ అంకెయే. ఒక తక్కెడ, ఒక కొలబద్ద ఉన్నచో చాలును. ఖర్చు లేదు, సూది లేదు. 35, 40 దాటిన అంకెను "నాది గట్టి ఒళ్లు" అని త్రోసివేయుటయు ఆత్మవంచన. 18.5 కంటె దిగువన ఉన్నవారు "మాది సన్నపు వంశము" అని ఊరకుండుటయు అట్టిదే.

కావున నా అభిప్రాయమిది: బి.ఎం.ఐ. గుమ్మము వంటిది. గుమ్మము దాటి లోనికి పోయి చూచిన గాని ఇల్లు ఎట్లున్నదో తెలియదు. గుమ్మముననే నిలిచి తీర్పు చెప్పరాదు.

ఇంటిలో చేసికొనదగిన పరీక్ష

మొదటిది దారపు పరీక్ష. సాగని నూలు దారము తీసికొని అరికాలు మొదలు నడినెత్తి వరకు మీ ఎత్తుకు సరిగా కత్తిరించుడు. దానిని సగమునకు మడువుడు. ఊపిరి మామూలుగా వదలి, క్రింది ప్రక్కటెముకకును, నడుము ఎముక పై అంచునకును నడుమ ఆ మడిచిన దారమును చుట్టుడు. రెండు కొనలు కలిసినచో మేలు. కలియక ఎడము ఉన్నచో నడుము హెచ్చినదని తెలియవలెను. నడుము ఎత్తులో సగమునకు లోబడి యుండవలెనని బ్రిటను దేశపు వైద్య మార్గదర్శకములు 2022లో చెప్పినవి. ఎవరి ఎత్తు వారికే ప్రమాణము. మన ఆచార్యుల సొంత అంగుళపు పద్ధతికి ఇది చుట్టమే. టేపు ఉన్నచో, భారతీయ పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదన్న 2009 నాటి నిర్ణయమును కూడ చూచుకొనవచ్చును. గర్భిణులకు ఈ పరీక్షలు వర్తింపవు. పిల్లలను వారి వయసునకు తగిన ఎదుగుదల పట్టికతోనే చూడవలెను.

రెండవది, పురుషులకు మొలతాడు. ఒకే ఎత్తున ఒకే ముడితో ఉన్న మొలతాడు బిగియుచున్నదా, వదులగుచున్నదా అన్నది నెలనెలకు తెలిసిపోవును. బిగిసినచో తిండిని, నడకను సరిచూచుకొనుడు. ప్రయత్నము లేకుండ వదులైనచో మరింత జాగ్రత్త పడుడు. 80 కిలోలవాడు కారణము లేక నాలుగైదు మాసములలో 65కు దిగినచో అంకె 'చక్కబడును'. కాని లోపల మధుమేహమో, క్షయయో, కణితియో ఉండవచ్చును. అట్టి సమయమున అభినందనలు అందుకొనుచు ఊరకుండక వెంటనే వైద్యుని చూడవలెను.

మూడవది శక్తి పరీక్ష. రెండు అంతస్తుల మెట్లెక్కి మాట తడబడకుండ పలుకగలరా? చేయి ఊతము లేకుండ పీటమీది నుండి లేవగలరా? వేళకు ఆకలి, వేళకు విరేచనము, గాఢ నిద్ర కలవా? ఇవి సరిగా నున్నచో దేహము తన పనిని చేయుచున్నదని అర్థము.

నాల్గవది రక్తపోటు, రక్తములో చక్కెర, రక్తశాతము. వీటికి బదులు మరొకటి లేదు. చెన్నైలోని డాక్టర్ మోహన్ గారి మధుమేహ పరిశోధన సంస్థ 2005లో రూపొందించిన ప్రమాద సూచికలో వయసు, నడుము, శ్రమ, తల్లిదండ్రులకు మధుమేహమున్నదా అను నాలుగే ప్రశ్నలు కలవు, బి.ఎం.ఐ. లేదు. ఆశా కార్యకర్తలు ముప్పది దాటినవారి ఇండ్లకు వచ్చి నింపు పట్టికలో కూడ నడుము కొలత కలదు. వారు వచ్చినప్పుడు "మాకేమి, మేము బక్కవాళ్లము" అని పంపివేయక, కొలిపించుకొనుడు.

చికిత్సలో హెచ్చరిక

అంకె భయమును పెట్టుబడిగా చేసికొని వ్యాపారము పెరిగినది. నెలకు పది కిలోలు తగ్గించు పొడులు, పాలలో కలుపుకొని అన్నమునకు బదులు త్రాగు డబ్బాలు, విరేచనము చేయించి "కొవ్వు కరిగినది" అనిపించు కషాయములు వీధివీధిని కలవు. ఇందు ఆయుర్వేదము పేరు పెట్టుకొన్నవియు ఉన్నవి. విరేచనముతో దిగినది నీరు. రెండు దినములలో తిరిగి వచ్చును. ఇట్టివాటిని కొనుటకు ముందు, మీ నడుము దారములో ఇముడుచున్నదేమో చూచుకొనుడు. ఇముడుచున్నచో, తక్కిన పరీక్షలు సరిగా నున్నచో, ఆ డబ్బును కూరగాయలకు పెట్టుట మేలు.

నడుము నిజముగా హెచ్చినచో ఆచార్యులు చూపిన మార్గము సరళమైనది: స్థూలునికి కడుపు నింపి, పోషణ తక్కువగా ఇచ్చు ఆహారము, కృశునికి తేలికగా అరిగి పోషించు ఆహారము. మా ప్రాంతమున కాలువ నీళ్లు వచ్చి వరి పెరుగక మునుపు ఇంటింట ఉడికిన జొన్న గట్క, మక్క గట్క, అంబలి మొదటి విధమునకు చెందినవి. ఒక పూట అన్నము తగ్గించి జొన్నరొట్టె, ఉలవల కట్టు, పలుచని మజ్జిగ, ఆకుకూరలు చేర్చుడు. రాత్రి భోజనము పొద్దుగూకిన వెంటనే ముగించుడు. వ్యాయామము సగము శక్తి వరకే అని వాగ్భటుడు చెప్పెను. నుదుట చెమట పట్టి, నోరు తడియారుట దాని గుర్తు. దినమునకు అరగంటకు తగ్గని నడక అందరికిని మంచిదే. బీడీలు చుట్టు తల్లులు గంటకు ఒకమారు చాట ప్రక్కన పెట్టి లేచి వాకిట నాలుగు తిరుగుళ్లు తిరుగుట అవసరము. త్రిఫల, తిప్పతీగ వంటి ఔషధములు వైద్యుని సలహాపై మాత్రమే. మధుమేహులు తేనెనీళ్ల జోలికి పోరాదు. ఇదివరకు వాడుచున్న మందులను స్వంతముగా ఆపరాదు.

సంస్థలకు ఒక విన్నపము

పాఠశాలల వారు, బీమా సంస్థల వారు, ఆరోగ్య శిబిరములు నడుపు సేవా సంఘముల వారు ఈ మాటను ఆలోచింపవలెనని కోరుచున్నాను. తక్కెడ ప్రక్కన ఒక కొలత టేపు ఉంచుటకు అయ్యెడి వ్యయము కొద్ది రూపాయలు. బి.ఎం.ఐ. వ్రాసిన గడి ప్రక్కన నడుము గడి, రక్తపోటు గడి, చక్కెర గడి చేర్చినచో బక్కవారిలో దాగిన రోగులు బయటపడుదురు. బలిష్ఠులు నిష్కారణముగా నింద పడరు. పిల్లల అంకెను తరగతిలో అందరి ఎదుట చదువుట మానవలెను; ఆ కాగితము తల్లిదండ్రుల చేతికి మాత్రమే చేరవలెను. ఎదుగు వయసు ఆడపిల్ల ఆ అంకెకు భయపడి అన్నము మానినచో, ఇప్పటికే రక్తము తక్కువైన మన ఇండ్లలో ఆ నష్టము ఆమెతో ఆగక, రేపు ఆమె కనబోవు శిశువు వరకు పోవును. 2.7 కిలోల శిశువుల కథ అచ్చటనే మరల మొదలగును.

తక్కెడ దేహమెంత బరువో చెప్పును. ఆ బరువు దేనితో కూడినదో, ఎచ్చట చేరినదో, ఏ పని చేయగలదో చెప్పదు. ఆ మూడును తెలిసికొనిన పిమ్మటనే బరువు తగ్గవలెనా, పెరుగవలెనా, ఉన్నట్లే ఉండవలెనా అన్నది నిర్ణయించుకొనుడు.